నా ఉక్కు సైకిలు

ఈ సంవత్సరపు సంచికకు ఏదైన వ్రాసి యిమ్మని విద్యార్థి సంపాదకులు నన్నడిగినప్పుడు భౌతికశాస్త్ర సంబంధమైన వ్యాసమొకటి వ్రాసెదనని మాట యిచ్చితిని. తీర వ్రాయ కూర్చున్న తరువాత కలము మఱియొక త్రోవ పట్టినది. మన పాఠశాల వెనుక వేపచెట్టు క్రింద ప్రతిదినము నిలిచియుండు నా పాత సైకిలును మీరందఱు ఎఱుగుదురు. "సార్, ఆ సైకిలును ఎందుకు మార్చరు?" అని మీలో కొందఱు నన్ను ముఖముననే అడిగినారు, కొందఱు అడుగక లోలోన నవ్వుకొనినారు. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసము. ఇందులో భౌతికశాస్త్రము కొంత, నా బాల్యము కొంత ఉన్నది. నేను మా నాయనతో ఆడిన అబద్ధము కూడ ఒకటి ఉన్నది.

మా గ్రామము హోసూరునకు 12 కిలోమీటర్ల దూరము. ఇంట తెలుగు, సంతలో కన్నడము, కచ్చేరిలో తమిళము. ఈ సీమలో పుట్టినవారందఱివలెనే నేనును మూడు భాషల నడుమ పెరిగితిని. రాగులు, ఉలవలు పండు మూడెకరముల మెట్టభూమి, ఒక బావి, రెండు పాడియావులు, మా అమ్మ పెంచు నాలుగు గొఱ్ఱెలు - ఇది మా ఆస్తి. మా యూరి బడిలో ఎనిమిదవ తరగతి ముగించుకొని 1991వ సంవత్సరమున హోసూరులోని తెలుగు మాధ్యమ పాఠశాలలో తొమ్మిదవ తరగతిలో చేరితిని. మా యూరికి రెండు కిలోమీటర్లలోనే వేఱొక ఉన్నత పాఠశాల ఉండెను. కాని అందు తెలుగు లేదు.

దూరము కష్టమే, కాని అంతకంటె కష్టము కాలము. ఉదయమున మోటారుకు కరెంటు వచ్చు వేళకు మా నాయన బావికడ ఉండవలెను. కావున పాలు పితికిన పిదప వానిని పాలకేంద్రమున పోసివచ్చుట నా పని. అది ముగించి, ముద్ద తిని, పుస్తకముల సంచి తగిలించుకొనునప్పటికి ఎనిమిదిన్నర అయ్యెడిది. బడి గంట తొమ్మిదింబావునకు. బస్సు ఎనిమిదికి ఒకటి, పదింటికి ఒకటి. ఈ రెండింటి నడుమ నాకు మిగిలినది మా నాయన సైకిలు.

ఆ సైకిలును నేను నిందింపను. అది 22 కిలోగ్రాముల నల్లని సైకిలు. రెండు పాలబిందెలు, ఒక గడ్డిమోపు, వెనుక మా అమ్మ - ఇంత బరువును నోరెత్తక మోసిన సైకిలది. చిన్ననాడు దాని కడ్డీ క్రింద కాలు దూర్చి త్రొక్కియే నేను సైకిలు నేర్చితిని. కాని అది బరువు మోయుటకు పుట్టినదే గాని పరుగెత్తుటకు పుట్టినది కాదు. మిట్టపల్లముల మా త్రోవలో ఎంత చెమటోడ్చి త్రొక్కినను 55 నిమిషములు పట్టెడిది. నాకున్నవి 45 నిమిషములు. ప్రతిదినము పది నిమిషములు ఆలస్యము.

మొదటి గంట తెలుగు. ఆలస్యముగ వచ్చినవారు గంట ముగియుదాక వెలుపల నిలువవలెనను నియమము ఉండెను. తెలుగు అయ్యవారు నన్నొకనాడైన కోపగించుకొనలేదు; నియమమును మాత్రము మార్చలేదు. నేను కిటికీ క్రింద నిలిచి వినుచుండెడివాడను. ఆ దినములలో గజేంద్రమోక్షము పాఠము జరుగుచుండెను. ఏనుగు మొసలి నోట చిక్కునంతవఱకు నేను త్రోవలోనే ఉండెడివాడను. విష్ణువు వైకుంఠమునుండి బయలుదేరు సమయమునకు కిటికీ క్రిందికి చేరెడివాడను. ఆ పాఠపు పూర్వార్ధమును నేను మిత్రుల పుస్తకములనుండి చదువుకొంటినే గాని ఆ గొంతునుండి వినలేదు. ఆ లోటు నాకు నేటికిని తీరలేదు.

ఈ సంగతి ఇంట తెలిసినది. మా నాయన చదువుకు వ్యతిరేకి కాడు. కాని కుమారుడు దినదినము బడి వెలుపల నిలుచుండుట ఆయనకు అవమానముగ తోచినది. "దసరా దాకా చూస్తాను. అప్పటికీ ఇట్లే అయితే దగ్గిర బడిలో చేరుదువు గాని. ఏ భాషలో చదివినా చదువే కదా" అనెను. ఆ మాటలో కాఠిన్యము లేదు. కావుననే నాకు ఎదురు చెప్పుటకు చోటు దొరకలేదు.

మా మేనమామ బెంగుళూరులో ఒక అచ్చుకూటమున పని చేయుచుండెడివాడు. ఆ ఆషాఢమున ఆయన మా యింటికి వచ్చి, నా గోడు విని, నాలుగు దినముల తరువాత ఒక ఉత్తరము వ్రాసెను. అక్కడి పాత యినుప సామానుల అంగడిలో ఎవరో దొర విడిచిపోయిన పందెపు సైకిలు ఒకటి ఉన్నదనియు, చట్రము గట్టిదనియు, 350 రూపాయలకు ఇచ్చెదరనియు దాని సారాంశము. అది క్రొత్త సైకిలు వెలలో సగము కూడ కాదు. అయినను మాకు అది చిన్న మొత్తము కాదు. మా అమ్మ ఎవరితోను ఏమియు అనక, తాను పెంచిన పొట్టేలును ఆ శుక్రవారపు సంతకు తోలుకొనిపోయెను.

సైకిలును చూచినప్పుడు నాకు నిరుత్సాహమే కలిగినది. రంగు పొరలు పొరలుగ లేచిపోయినది. గొట్టములు నా చేతి మణికట్టుకంటె సన్నన. మడ్‌గార్డులు లేవు, క్యారియరు లేదు, బెల్లు లేదు. హ్యాండిలు పొట్టేలి కొమ్ములవలె క్రిందికి వంగియున్నది. మా అమ్మ దానిని చూచి, "పొట్టేలును అమ్మితే పొట్టేలే వచ్చింది" అని నవ్వినది. సీటు క్రింది గొట్టముపై సగము చినిగిన కాగితపు ముద్ర యొకటి ఉండెను. అందు 531 అను అంకె మాత్రము మిగిలియున్నది. అది ఆ అంగడివాని లెక్క సంఖ్యయని నేననుకొంటిని.

మఱునాడు ఉదయమున దానిపై ఎక్కితిని. ఆ మొదటి దినమును నేను మఱవలేను. పెడలుపై పాదము మోపగానే సైకిలు ముందుకు దూకినది. మా నాయన సైకిలుపై దిగి నెట్టుకొని పోవు మిట్టను కూర్చుండియే ఎక్కితిని. చెరువుకట్ట దాటునప్పటికి నా చెవులలో గాలి ఈల వేయుచుండెను. బడి చేరి గడియారము చూడగా 32 నిమిషములు. గంటకు ఇంకను 13 నిమిషములున్నవి. తరగతిలో నేనొక్కడనే కూర్చుండి ఖాళీ నల్లబల్లను చూచుచు ఊరక నవ్వుకొంటిని. ఆ దినమునుండి ఏనుగు కొలనులో దిగకముందే నేను లోపల ఉండెడివాడను.

ఇక్కడ ఒక్క క్షణము ఆగి, ఆ 23 నిమిషములు ఎక్కడినుండి వచ్చినవో చెప్పెదను. ఇది మీ పాఠమునకు కూడ పనికివచ్చును. అదే కాలు, అదే త్రోవ, అదే రాగిముద్ద. మాఱినది యంత్రమొక్కటే.

మొదటిది గాలి. సమతలముపై వేగముగ త్రొక్కువాని శ్రమలో అధికభాగము గాలిని చీల్చుటకే వ్యయమగును. వేగము రెట్టింపైనచో గాలి తాకిడి నాలుగు రెట్లగును. దానిని గెలుచుటకు కావలసిన సామర్థ్యము ఎనిమిది రెట్లగును. నిటారుగ కూర్చుండువాడు గాలికి తలుపువలె అడ్డు నిలుచును. క్రిందికి వంగిన హ్యాండిలును పట్టుకొన్నవాడు వీపు వంచి, తలుపును ఓరగా తిప్పినట్లు, గాలికి చోటిచ్చును. పొట్టేలి కొమ్ముల ప్రయోజనము ఇదియే.

రెండవది గేర్లు. మా నాయన సైకిలుకు ముందు చక్రమున 44 పండ్లు, వెనుక 18. పెడలు ఒక చుట్టు తిరిగిన సైకిలు సుమారు 5.5 మీటర్లు పోవును. మిట్టయైనను పల్లమైనను అంతే. నా సైకిలుకు ముందు 52, 42 పండ్ల పళ్ళెములు రెండు. వెనుక 14 మొదలు 28 వఱకు అయిదు. పల్లమున ఒక చుట్టునకు 8 మీటర్లు, మిట్టపై 3.2 మీటర్లు. కాలి బలము ఎప్పుడును ఒకే తీరున వ్యయమగును. త్రోవ ఎట్లున్నను కాలునకు సమతలమే.

మూడవది టైర్లు. సన్ననివి, గాలి గట్టిగ నింపినవి. నేలపై తక్కువ నలుగును. కావున దొర్లుటలో తక్కువ శక్తి పోవును. నాలుగవది బరువు. 22 కిలోగ్రాములకు మారుగ పదిన్నర.

ఈ నాలుగింటిలో ఏదియు ధనవంతుల సొత్తు కాదని గమనింపుడు. వీపు వంచుటకు వెల లేదు. గేర్లు, సన్నని టైర్లు పాతవియైనను పని చేయును. వేగమనునది వెల పెట్టి కొనవలసిన భోగమని అప్పటివఱకు నేననుకొంటిని. కాదని ఆ సైకిలు నాకు తెలిపినది.

వేగముతో పాటు గర్వము కూడ వచ్చినది. పదింటి బస్సు సెలవు దినములలో నాకు ప్రతిపక్షమయ్యెను. బడిపిల్లలు చూచుచుండగ చేతులు విడిచి త్రొక్కుట అలవాటయ్యెను. దసరాకు మూడు వారములున్నదనగా ఒకనాటి సాయంకాలము బడినుండి వచ్చుచు, మిత్రులు చప్పట్లు కొట్టుచుండగ, పల్లములో చేతులు రెండును విడిచితిని. త్రోవకు అడ్డముగ ఒక ఎనుము వచ్చినది. బ్రేకు పట్టుకొనునంతలో ముందు చక్రము కాలువలోని బండను తాకినది.

నాకు మోకాలు చీరుకొనినది, అది స్వల్పము. సైకిలు ఫోర్కు వెనుకకు వంగినది. క్రింది గొట్టము తలగొట్టముతో కలియు చోట వెంట్రుకవలె ఒక చీలిక. 350 రూపాయలు, మా అమ్మ పొట్టేలు, తెలుగు గంట - అన్నియు ఆ చీలికలో కనబడినవి. దారిలో ఒక వెల్డింగు అంగడివాడు దానిని చూచి, "పది నిమిషాల్లో అతికిస్తాను" అనెను. నా కడ డబ్బు లేదు. ఆ లేమియే ఆ చట్రమును కాపాడినదని తరువాత తెలిసినది. సైకిలును హోసూరులోని మిత్రుని యింటి పెరటిలో దాచి నడచి యింటికి పోతిని. సైకిలు బడిలో ఉన్నదనియు, చక్రమునకు గాలి దిగినదనియు చెప్పితిని. మఱునాటినుండి ప్రత్యేక తరగతులు ఉన్నవి, తెల్లవారి ఆఱున్నరకే పోవలెనని కూడ చెప్పితిని.

మూడు దినములు నడచితిని. పోవుటకు రెండుంబావు గంటలు, వచ్చుటకు అంతకంటె ఎక్కువ. ఆ మూడు దినములును పాలబిందెను మా అమ్మ నెత్తిన పెట్టుకొని కేంద్రమునకు మోసినది. ఆ సంగతి తలచుకొనుచు నడచుటే ఆ నడకలోని అసలు కష్టము. కాళ్ళ నొప్పి కాదు.

మూడవనాటి మధ్యాహ్నము నేను భోజనపు గంటలో వెలుపలికి రాగా, గేటు కడ మా నాయన తన నల్లని సైకిలును పట్టుకొని నిలిచియుండెను. హ్యాండిలుకు నా అన్నపు గిన్నె. మా యూరివారెవరో నన్ను దారిలో చూచి చెప్పియుందురు.

"సైకిలు ఎక్కడ?" అనెను.

నేను తల వంచుకొంటిని.

"మూడు దినాలూ నడిచే వచ్చినావా?"

"అవును నాయనా."

"ఒక దినమైనా మానలేదా?"

"లేదు."

ఆయన చాలసేపు మాటాడలేదు. బడి గోడపై తెలుగులో వ్రాసిన పేరును చూచుచు నిలిచెను. ఆయనకు చదువు రాదు. పిదప, "అన్నం తిను. తిన్నాక ఆ సైకిలు చూపు" అనెను. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. అబద్ధమాడినందుకు ఏమియు అనకపోవుటయే నాకు పెద్ద శిక్ష అయినది.

పాతపేటలో మా నాయన ఎఱిగిన వృద్ధ కంచరి యొకడు ఉండెను. చిల్లులు పడిన బిందెలకును గంగాళములకును అతుకులు వేయుట ఆయన వృత్తి. నాయన సైకిలును భుజముపై మోసికొనిపోయి ఆయన కొలిమి ముందు దింపెను. నేను వెల్డింగు అంగడివాని మాట చెప్పగా కంచరి తాత గొట్టమును గోటితో మీటి, చెవి యొగ్గి విని, తల యడ్డముగ ఆడించెను.

"ఇది మామూలు గొట్టము కాదప్పా. కోడిగుడ్డు పెంకు మాదిరి పలచన. ఆ వెల్డింగు మంటకు గొట్టమే కరిగి చిల్లి పడుతుంది. ఇత్తడి అట్లా కాదు. తాను కరుగుతుంది, ఉక్కును కరగనీదు. పట్టుకొని కూర్చుంటుంది" అనెను.

ఫోర్కును చల్లగ ఉండగనే చింతమొద్దు సందున పెట్టి, కొంచెము కొంచెముగ వంచి సరిచేసెను. చీలికపై రంగును గీకి, సన్నని ఉక్కుపట్టీ చుట్టి, వెలిగారము పూసి, కొలిమి ఊదెను. గొట్టము చెర్రీపండు రంగునకు, అంతకంటె కొంచెము ప్రకాశమైన రంగునకు వచ్చునప్పటికి ఇత్తడిని తాకించెను. అది నీటివలె కరిగి పట్టీ క్రిందికి తనంతట తాను ప్రాకిపోయినది. చల్లారిన పిదప తలగొట్టమునుండి వెనుక చక్రపు గూళ్ళ వఱకు నూలుదారము సాగదీసి, నడిమి గొట్టమునకు రెండు ప్రక్కల దూరము సమానముగ ఉన్నదా అని చూచెను. పదునైదు రూపాయలు తీసికొనెను. దసరా వచ్చినది, పోయినది. బడి మార్చు మాట మా యింట మరల వినబడలేదు. కారణము సైకిలు బాగగుట మాత్రమే కాదని నాకు తెలియును.

531 అను అంకె అంగడివాని లెక్క కాదని నేను కళాశాలలో చదువునప్పుడు తెలిసికొంటిని. ఇంగ్లండులోని బర్మింగ్‌హాము పట్టణమున రేనాల్డ్సు అను సంస్థ ఉండెను. ఆ కుటుంబమువారు మొదట మేకులు తయారు చేసెడివారు. 1897లో ఆల్‌ఫ్రెడ్ రేనాల్డ్సు ఒక నూతన పద్ధతికి పేటెంటు పొందెను. సైకిలు గొట్టములు విఱుగునది కొనలయందు, అనగా ఒక దానితో ఒకటి కలియు చోట. నడుమ భాగముపై భారము తక్కువ. కావున గొట్టపు కొనలను మందముగను, నడుమను పలుచగను చేయవలెనని ఆయన యోచన. వెలుపలినుండి చూచిన గొట్టమంతయు ఒకే తీరుగ ఉండును, భేదమంతయు లోపల. 1935లో ఆ సంస్థయే మాంగనీసు, మాలిబ్డినము కలిసిన ఉక్కుతో 531 అను గొట్టములను వెలువరించినది. కంచరి తాత కోడిగుడ్డు పెంకు అనిన గొట్టములు ఇవియే. ఇట్టి గొట్టముల గోడ మందము నడుమ భాగమున ఒక మిల్లీమీటరు కూడ ఉండదు. ఇటలీలోని మిలాను నగరమున కొలంబస్ సంస్థ చేసిన గొట్టములును ఇట్లే ప్రసిద్ధి పొందినవి.

వీనిని కలుపు పద్ధతియు కంచరి తాత చెప్పినదే. మూలలయందు ఉక్కు తొడుగులు పెట్టి, ఇత్తడిగాని వెండి కలిసిన లోహముగాని కరిగించి పోయుదురు. ఉక్కు కరుగుటకు సుమారు 1500 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి కావలెను. ఇత్తడికి 900 చాలును. తక్కువ వేడిమివలన పలుచని గొట్టపు బలము చెడదు. బర్మింగ్‌హాము పనివాడును హోసూరు కంచరియు ఒకరినొకరు చూచుకొనలేదు. కాని ఇద్దఱి చేతులకును ఒకే శాస్త్రము తెలిసియుండెను.

ఉక్కు సైకిలు మందగమనమని మీరు తలంపవలదు. టూర్ ది ఫ్రాన్స్ అను మహాపందెము 1903లో ఆరంభమైనది. ఆనాటినుండి అనేక దశాబ్దములు అందు పరుగెత్తినవి అధికముగ ఉక్కు చట్రములే. 1972 అక్టోబరు 25వ తేదీన మెక్సికో నగరమున బెల్జియము దేశీయుడగు ఎడ్డీ మెర్క్సు ఒక్క గంటలో 49.431 కిలోమీటర్లు త్రొక్కెను. ఇటలీ దేశపు ఎర్నెస్తో కొల్నాగో నిర్మించిన ఆ ఉక్కు సైకిలు బరువు ఆఱు కిలోగ్రాములకు లోపే. తరువాత గాలిని మోసగించు వింత ఆకారముల సైకిళ్ళు వచ్చి ఆ లెక్కలను దాటినవి. అప్పుడు ప్రపంచ సైక్లింగు సమాఖ్యవారు మెర్క్సు కాలపు తీరు సైకిలుపైననే పోటీ జరుగవలెనని ఒక నియమము చేసిరి. 2000వ సంవత్సరమున ఇంగ్లండు దేశీయుడగు క్రిస్ బోర్డ్‌మన్ ఆ నియమము ననుసరించి మాంచెస్టరులో త్రొక్కి 49.441 కిలోమీటర్లు పోయెను. మెక్సికోలోని పలుచని గాలి మెర్క్సునకు కొంత సహాయపడినదనుట నిజమే. అయినను ఇరువదియెనిమిది సంవత్సరముల తరువాత లభించిన ఆధిక్యము పది మీటర్లు!

నేడు పందెములలో కార్బన్ చట్రములదే రాజ్యము. హోసూరు కర్మాగారమొకదానిలో ఇంజనీరుగ ఉన్న నా పూర్వ విద్యార్థి కడ అట్టి సైకిలు ఉన్నది. వెల రెండు లక్షలకు పైమాట. బరువు ఏడున్నర కిలోగ్రాములు. ఆదివారములందు మేమిద్దఱము డెంకణికోట త్రోవలో కలిసి పోవుదుము. అతడు నాకంటె ముందు చేరును. చేరి, నా కొఱకు టీ చెప్పి ఉంచును. ఒకనాడు నేను కాగితముపై లెక్క వేసి చూపితిని. నా దేహము 68 కిలోగ్రాములు, నా సైకిలు పదిన్నర, మొత్తము 78.5. అతని సైకిలు నాకిచ్చినచో మొత్తము 75.5. తగ్గినది నూటికి నాలుగు పాళ్ళకు లోపు. 25 నిమిషముల ఎక్కుడులో నేను గెలుచునది సుమారు ఒక్క నిమిషము. సమతలముపై చెప్పుకొనదగినది ఏమియు లేదు. "మఱి మీరు అయిదు నిమిషములు వెనుకబడుదురు గదా సార్?" అని అతడడిగెను. "ఒక నిమిషము సైకిలుది నాయనా, తక్కిన నాలుగు వయస్సువి" అంటిని.

ఉక్కులో దోషములు లేవని నేను చెప్పను. అది అల్యూమినియముకంటె దాదాపు మూడు రెట్లు బరువైన లోహము. అంతే బిగువు కలది కావుననే పలుచని గొట్టములు చేయుటకు వీలైనది. తుప్పు దాని ఆజన్మశత్రువు; వానలో తడిసిన సైకిలును తుడువక నిలిపినచో లోపలినుండి తినివేయును. నా సైకిలుపై బిందెలు మోయలేము. దాని టైర్లు హోసూరులో దొరకనందున మా మేనమామ ఎన్నోమారులు బెంగుళూరునుండి తేవలసివచ్చెను. కాని ఉక్కునకు ఒక సుగుణమున్నది. అది ముందుగ చెప్పి విఱుగును. వంగును, చీలిక చూపును, కిఱ్ఱుమని మూలుగును. చూచువానికి సరిచేసికొను వ్యవధి యిచ్చును. సరిచేయువాడు ప్రతి యూరిలోను ఉండెడివాడు. పేదవానికి వస్తువు చౌకగ దొరకుట ఒక్కటే చాలదు. విఱిగిన నాడు తన యూరిలోనే, తన చేతనైన డబ్బుకు, బాగు కావలెను. లేనియెడల ఆ చౌక మూడు దినముల ముచ్చటయే.

విద్యార్థులారా, మన రాష్ట్ర ప్రభుత్వము పదునొకండవ తరగతి వారికి ఉచితముగ ఇచ్చు సైకిళ్ళు కూడ ఉక్కువే. పందెపు సైకిలు లేదని చింతింపక, ఉన్నదానిని వేగవంతము చేసికొనుడు. పెడలు క్రిందికి వచ్చినప్పుడు మోకాలు కొంచెము మాత్రమే వంగియుండునంత ఎత్తునకు సీటును లేపుడు. మీలో నూటికి తొంబదిమంది సీటు మిక్కిలి క్రిందికి దింపి మోకాళ్ళను శ్రమపెట్టుచున్నారు. వారమునకొకమారు టైర్లలో గాలి గట్టిగ నింపుడు. గొలుసును తుడిచి చుక్క చుక్కగ నూనె వేయుడు. బ్రేకులు పరీక్షింపుడు. ఎదురుగాలిలో వీపు వంచుడు. చేతులు మాత్రము విడువవలదు. కారణము పైన వ్రాసియేయున్నాను.

తల్లిదండ్రులకు ఒక మనవి. బడి దూరమని, బస్సు వేళకు రాదని, పిల్లలను తెలుగు తరగతినుండి మాన్పింపదలచినవారు నా కడకు వచ్చినప్పుడు నేను వారితో వాదింపను. ఎన్ని కిలోమీటర్లు, పిల్లవాడు ఎన్నింటికి ఇల్లు కదలగలడు, ఇంట సైకిలు ఉన్నదా అని అడుగుదును. పెక్కుమారులు తేడా పది నిమిషములే. పది నిమిషములను సంపాదించు మార్గము వెదకవచ్చును.

కంచరి తాత గతించి చాలకాలమైనది. ఆ కొలిమి ఉన్న చోట నేడొక సెల్‌ఫోనుల అంగడి ఉన్నది. మా నాయన పోయి ఏడు సంవత్సరములు. సైకిలుకు నేను రెండుమారులు రంగు వేయించితిని. కాని క్రింది గొట్టముపై ఇత్తడి అతుకు ఉన్న రెండంగుళముల చోట మాత్రము రంగు వేయనీయలేదు; వారమునకొకమారు నూనెగుడ్డతో తుడుచుచుందును. మీరు వేపచెట్టు కడకు పోయినప్పుడు వంగి చూడుడు, పచ్చగ కనబడును.

గత జూన్ మాసమునుండి మా అమ్మాయి ఆ సైకిలును అడుగుచున్నది. ఆమెకు కాలు ఇంకను సరిగ అందదు. సీటును పూర్తిగ దింపి, ఆదివారములందు చెరువుకట్టపై నేర్పుచున్నాను. మొన్న ఒకమారు పడినది. లేచి, తన మోకాలు చూచుకొనక, ముందుగ గొట్టమును తడిమి చూచినది.